ఉప్పు మాట కొట్టివేస్తే



ఈ టపా కోపంతో రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పడం మర్యాద. అరవై దాటినవాడికి కోపం ఆరోగ్యం కాదని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అయితే కొన్ని కోపాలు దిగమింగితే అరగవు, రాసి దించుకోవలసిందే.

జరిగినది ఇది. ఒక మాసపత్రిక వారు ఆర్‌ఎన్‌ఏ గురించి పిల్లలకూ పెద్దలకూ అర్థమయ్యేటట్లు నాలుగు పుటల వ్యాసం రాసిమ్మన్నారు. భాషాప్రవీణ చదివి, ఉద్యోగమున్నన్నాళ్ళూ ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకుని బతికిన తెలుగు పండితుణ్ణి ఆర్‌ఎన్‌ఏ గురించి అడగడమేమిటని మీకు సందేహం రావచ్చు. మా మనవరాలు ఆ విద్యలోనే పరిశోధన చేస్తున్నది. ఆమె చెబుతుంది, నేను ప్రశ్నిస్తాను, ఆమె విసుక్కుంటుంది, నేను మళ్ళీ ప్రశ్నిస్తాను. చివరికి ఆమె ఒప్పుకున్న వాక్యాన్నే తెలుగులో ఉంచుతాను. అలా రెండు నెలలు కూర్చుని రాసిన వ్యాసంలో ఒక వాక్యం ఇలా ఉంది: "తగినంత మెగ్నీషియం ఉన్నప్పుడు ఈ పోగు తనంత తానుగా ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ముడుచుకుంటుంది." అచ్చులో అది ఇలా వచ్చింది: "ఈ పోగు తనంత తానుగా ఒక నిర్దిష్టమైన ఆకారంలోకి ముడుచుకుంటుంది." మొదటి మూడు మాటలూ ఎగిరిపోయాయి.

ఫోను చేసి అడిగాను. "మాస్టారూ, సామాన్య పాఠకుడికి ఆ మెగ్నీషియం గోల ఎందుకండీ? వాక్యం బరువెక్కుతోంది. తీసేసినా భావం మారలేదు కదా!" అన్నారు సంపాదకులు. సవరణ వేయమని కోరాను. "ఉప్పు గురించి సవరణ వేస్తే నవ్వుతారండీ" అన్నారు. ఆ వారంలోనే నా పాత శిష్యుడొకడు, ఇప్పుడు తానూ ఉపాధ్యాయుడే, ఆనందంగా కబురు చేశాడు. నా వ్యాసం తరగతిలో బిగ్గరగా చదివి వినిపించాడట; ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత రాయించాడట. నా పేరుతో అచ్చయిన అబద్ధం పిల్లల నోటుపుస్తకాల్లోకి ఎక్కింది. ఇక ఊరుకుంటే నేను చదువు చెప్పినవాణ్ణే కాను.

భావం మారలేదన్న మాటకే నా జవాబు.

మొదట నాకు తెలిసిన విద్యలో నుంచి చెబుతాను. మన వ్యాకరణంలో ఏ సూత్రమైనా కార్యాన్ని చెబుతుంది, దానికి నిమిత్తాన్నీ చెబుతుంది. ఉకారసంధినే తీసుకోండి. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి వస్తుంది. వాడు, ఎక్కడ అన్నవి కలిస్తే వాడెక్కడ అవుతుంది. "అచ్చు పరమైతే" అన్న రెండు మాటలు బరువెక్కుతున్నాయని కొట్టివేయండి. అప్పుడు "వాడు వచ్చాడు" అన్నది "వాడ్వచ్చాడు" కావాలి. ఏ తెలుగువాడూ అలా అనడు. నిమిత్తం పోతే సూత్రం సరళమైపోదు, తప్పైపోతుంది. నా వాక్యానికి మెగ్నీషియం నిమిత్తం. దాన్ని తీసివేసి మిగిల్చినది సంక్షిప్తరూపం కాదు, అపపాఠం.

ఇక విషయానికి వద్దాం. ఆర్‌ఎన్‌ఏ ఒక పొడవైన పోగు. దానికి ఎ, యు, జి, సి అనే నాలుగు రకాల పూసలు వేలాడుతుంటాయని, ఎ యుతోను, జి సితోను జతకడతాయని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. పత్రికలవారికి ఈ భాగమంటే మహా ఇష్టం. "నాలుగు అక్షరాల భాష", "జీవుడి లిపి" అంటూ మొదలుపెట్టి మూడు పేరాలు అల్లుతారు. అక్షరాలను గురించి ఇంత మాట్లాడేవారు ఆ అక్షరాలు గుచ్చిన దారం సంగతి ఎత్తరు. ఆ దారంలో చక్కెరలను ఒకదానితో ఒకటి కలిపేవి ఫాస్ఫేట్లు. ప్రతి ఫాస్ఫేటు మీదా ఒక ఋణావేశం ఉంటుంది. అంటే 76 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏలో కూడా సుమారు అన్ని ఋణావేశాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒకే రకం ఆవేశాలు పరస్పరం తోసుకుంటాయి. ఆ పోగు ముడుచుకోవాలంటే ఈ తోపులాటను ఎవరో ఒకరు తగ్గించాలి. వట్టి నీటిలో తగ్గించేవారు ఎవరూ లేరు. "తనంత తానుగా" ముడుచుకోవడం అక్కడే బెడిసికొడుతుంది.

తగ్గించేవి లోహపు అయాన్లు. లోహ లవణం నీటిలో కరిగినప్పుడు లోహభాగం ధనావేశంతో విడివడుతుంది. సోడియం, పొటాషియంలకు ఒక్కొక్క ఆవేశం, మెగ్నీషియానికి రెండు. సోడియం, పొటాషియం అయాన్లు పోగు చుట్టూ గుంపుగా చేరి, ఇంచుమించు ఎక్కడా స్థిరంగా నిలవక, తోపులాటను మొత్తంమీద చల్లారుస్తాయి. మెగ్నీషియం పరిమాణంలో చిన్నది, ఆవేశంలో పెద్దది. ఆరు నీటి అణువులను చుట్టూ గట్టిగా పట్టుకుని వస్తుంది. చాలాచోట్ల ఆ నీటి చేతులతోనే ఫాస్ఫేట్లను తాకుతుంది. కొన్ని ఇరుకు చోట్ల ఒకటి రెండు నీళ్ళను వదిలి నేరుగా పట్టుకుంటుంది. దూరదూరపు మడతలు రెండు దగ్గరకు వచ్చి ఒకదానిమీద ఒకటి ఒదగవలసిన చోట దాని పని కనిపిస్తుంది. కొన్ని మిల్లీమోలార్ల మెగ్నీషియం చేసే పనికి సోడియం వందల మిల్లీమోలార్లు కావాలి. కొన్ని ఆర్‌ఎన్‌ఏలకు ఎంత సోడియం పోసినా ఆ పని పూర్తికాదు.

ఇది ఊహ కాదు, చేసి చూసిన సంగతి. 1966లో ప్రిన్స్‌టన్‌లో ఫ్రెస్కో బృందం ఈస్టులోని లూసీన్ టి-ఆర్‌ఎన్‌ఏను తీసుకుని, దానికి అంటుకున్న మెగ్నీషియాన్ని లాగివేసింది. అక్షరం ఒక్కటీ మారలేదు, ఒక్కటీ రాలిపోలేదు. అయినా ఆకారం చెడింది. దానితోపాటు పనీ చెడింది. లూసీనును మోయడం మానేసింది. మళ్ళీ మెగ్నీషియం ఇచ్చి కాస్త వేడిచేస్తే పూర్వపు ఆకారమూ పనీ తిరిగి వచ్చాయి. అక్షరాలలోనే అంతా ఉందనే నాలుగు అక్షరాల భాషావాదులు దీనికి ఏం సమాధానం చెబుతారు?

అంతకు ముందే, 1958లో, హార్వర్డులో టిస్సియేర్, వాట్సన్ బాక్టీరియా రైబోసోములతో మరొకటి గమనించారు. ఈ వాట్సన్ జంటపేట నిచ్చెన వాట్సనే. మాంసకృత్తులు తయారుచేసే రైబోసోమ్ మూడింట రెండువంతులు ఆర్‌ఎన్‌ఏ. అది ఉన్న ద్రావణంలో మెగ్నీషియం తగ్గిస్తే పెద్ద ముక్క, చిన్న ముక్క విడిపోయాయి. పెంచితే కలిశాయి. జీవమనేదానికి ఇంతకంటే పెద్ద కార్ఖానా లేదు. దాని రెండు అరలు అతుక్కుని ఉండాలా, విడిపోవాలా అన్నది ఒక లవణం పాలు మీద ఆధారపడింది.

తరువాత ఆ రైబోసోమ్ అణుస్థాయి చిత్రం కూడా దొరికింది. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టైట్స్, మూర్ బృందం పెద్ద ముక్క నిర్మాణాన్ని వెల్లడించింది. వారు వాడిన సూక్ష్మజీవి మృతసముద్రానికి చెందినది, ఉప్పులో తప్ప బతకనిది. 2004లో అదే బృందం ఆ చిత్రంలో లోహ అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది: మెగ్నీషియం 116, సోడియం పొటాషియం వంటి ఏకావేశపువి 88. లెక్కపెట్టి, స్థానాలు గుర్తించి, ప్రచురించిన నిర్మాణభాగాలివి. వీటిని "గోల" అన్నవారు ఇంటి గోడలో సున్నాన్ని కూడా గోలే అనగలరు.

"అది పరిశోధకులకు కావాలి, పాఠకులకెందుకు?" అనే వాదం మిగిలి ఉంది. ఉప్పు మాటను ఉపేక్షిస్తే పరిశోధకులకే సత్యం కనిపించకుండా పోయిన కథ ఒకటి చెబుతాను. దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

యేల్‌లోనే సిడ్నీ ఆల్ట్‌మన్ ఆర్‌ఎన్‌ఏజ్ పి అనే ఎంజైమును పరిశీలిస్తున్నారు. టి-ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు ముందు వేలాడే అదనపు తోకను అది కోసివేస్తుంది. దానిలో ఒక ఆర్‌ఎన్‌ఏ, ఒక మాంసకృత్తు ఉన్నాయి. ఎంజైములన్నీ మాంసకృత్తులే అని ఆనాటి విశ్వాసం. మామూలుగా వాడే మెగ్నీషియం పాలులో రెండూ కలిస్తేనే కోత జరిగేది. ఆర్‌ఎన్‌ఏ ఒంటరిగా ఉంటే జరిగేది కాదు. కనుక కోసేది మాంసకృత్తు, ఆర్‌ఎన్‌ఏ దానికి పీట అనుకోవడం సహజం. 1983లో మెగ్నీషియాన్ని 60 మిల్లీమోలార్లకు పెంచి చూశారు. మాంసకృత్తు లేకుండానే ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కోసింది. కోసేది ఎప్పుడూ అదే. మాంసకృత్తు తన ధనావేశాలతో ఆర్‌ఎన్‌ఏ లోని తోపులాటను తగ్గిస్తూ వచ్చింది. ఆ పనిని ఎక్కువ ఉప్పు చేసిపెట్టింది. 1982లో థామస్ చెక్ మరొక ఆర్‌ఎన్‌ఏ తన మధ్యభాగాన్ని తానే కత్తిరించుకుని అతుక్కోవడం చూపారు. ఆ ప్రయోగంలోనూ మెగ్నీషియం ఉండి తీరాలి. వీరిద్దరికీ 1989లో రసాయనశాస్త్రపు నోబెల్ ఇచ్చారు. "ఆర్‌ఎన్‌ఏ ఎంజైముగా పనిచేస్తుంది" అని మన పత్రికలు రాశాయి. "ఎంత ఉప్పులో?" అన్న ప్రశ్నే ఆ ఆవిష్కరణకు తాళంచెవి అని చెప్పినది నేను తెలుగులో చూడలేదు.

దీనికి ఎదురుకథ కూడా ఉంది; నా వాదానికి అనుకూలమైనదే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. సుత్తితల ఆకారం పేరుతో పిలిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకటి ఉంది. అదీ తన పోగును తానే కోసుకుంటుంది. సౌకర్యం కోసం పరిశోధకులు దాని చివరి ఉచ్చులను కత్తిరించి, కోతకు అవసరమని తోచిన నడిమిభాగాన్ని మాత్రమే ఉంచుకున్నారు. ఆ పొట్టిరూపం పనిచేయాలంటే కణంలో సహజంగా ఉండేదానికంటే ఎన్నో రెట్లు మెగ్నీషియం కావలసివచ్చింది. కనుక మెగ్నీషియమే కోస్తున్నదని చాలామంది తీర్మానించారు. 1998లో మెగ్నీషియం లేకుండా, ఏకావేశపు లవణాలను మోలార్ల కొద్దీ పోస్తే కూడా అది కోసుకుంటుందని తేలింది. 2003లో అసలు రహస్యం బయటపడింది. కత్తిరించి పారేసిన ఉచ్చులు ఒకదానినొకటి పట్టుకుని ఆకారాన్ని నిలబెట్టేవి. అవి ఉంటే కొద్దిపాటి మెగ్నీషియమే చాలు. అంటే, అనవసరమని కొట్టివేసిన భాగాలు చేసిన పనిని ఉప్పు చేత చేయించి, ఆ ఘనతను ఉప్పుకే కట్టబెట్టారు. ఉప్పును మరచినా తప్పే, ఉప్పుకే అంతా అంటగట్టినా తప్పే. రెండు తప్పులకూ మందు ఒకటే: ఏ ఉప్పు, ఎంత, ఏ పోగుకు అని వివరంగా చెప్పడం. అనవసరమని కత్తిరించేవారు ఈ కథను రెండుసార్లు చదవాలని నా కోరిక.

మరొక ముచ్చట. పత్రికల్లోనూ అంతర్జాలంలోనూ ఆర్‌ఎన్‌ఏ మడతల బొమ్మలు అందంగా వేస్తుంటారు. వాటిలో ఎన్నో కంప్యూటరు లెక్కతో గీసినవి. ఆ లెక్కకు ఆధారం రోచెస్టర్‌లో టర్నర్ బృందం మొదలుగాగల వారు ఏళ్ళతరబడి కొలిచిన శక్తివిలువలు. కొలిచినది ఒక మోలార్ సోడియం క్లోరైడులో. అంటే లీటరు నీటికి 58 గ్రాముల మామూలు ఉప్పు. సముద్రపునీటిలో లీటరుకు ఉండే లవణాలన్నీ కలిపినా సుమారు 35 గ్రాములే. మన కణాల లోపల ఉన్నది సుమారు 140 మిల్లీమోలార్ల పొటాషియం, విడిగా తిరిగే మెగ్నీషియం ఒక మిల్లీమోలారుకు అటూ ఇటూ. "చూశావా తాతయ్యా, బొమ్మ గీసింది సముద్రం కంటే ఉప్పటి నీళ్ళలో, కింద రాసింది మాత్రం మన ఒంట్లో అని" అని మా మనవరాలు నవ్వింది.

దీనికి పండితుల సమాధానం నాకు తెలుసు. పొట్టి జతల కాడల వరకు ఆ లెక్క మెగ్నీషియం ఉన్న పరిస్థితులకు కూడా చాలావరకు సరిపోతుంది. ఒప్పుకుంటాను. కాని కాడలు వేరు, కాడలు ఒకదానిమీద ఒకటి వాలి కట్టే కట్టడం వేరు. జతలు ఏకావేశపు లవణంతో నిలబడతాయి; మూడు కొలతల కట్టడానికి తరచుగా మెగ్నీషియం కావాలి. బొమ్మ కింద "ఒక మోలార్ ఉప్పు, 37 డిగ్రీల వేడి" అని చిన్న అక్షరాలతో వేస్తే ఏం పోయింది? వేసేవారు సగంమందైనా లేరు.

అసలు ఒకే ఆవేశమున్న లవణాలన్నీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. జి అక్షరాలు నాలుగు చతురస్రంగా కూర్చుని, అటువంటి చతురస్రాలు దొంతరగా పేరుకునే ఒక కట్టడం ఉంది. ఆ దొంతర నడుమ పొటాషియం ఒదిగితే అది గట్టిగా నిలుస్తుంది. సోడియంతో నిలకడ తగ్గుతుంది. లిథియం దాదాపు అక్కరకు రాదు. మూడింటికీ ఆవేశం ఒక్కటే; పరిమాణం వేరు, నీటిని పట్టుకునే తీరు వేరు. "ఉప్పు వేశాం" అంటే చాలదు, ఏ ఉప్పో చెప్పాలి.

ఇంతవరకూ ఉప్పు నిలబెట్టే సంగతి చెప్పాను. ఇప్పుడు ఉప్పు కూల్చే సంగతి. మన తెలుగులోని లోపం, నా లోపం కూడా, బయటపడేది ఇక్కడే.

ఆర్‌ఎన్‌ఏ చక్కెరకు డిఎన్‌ఏకు లేని ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంది. పక్కనే ఉన్న ఫాస్ఫేటును అది పొడిస్తే పోగు అక్కడ తెగిపోతుంది. లోహపు అయాన్లు ఈ పోటుకు తోడ్పడతాయి. ఈస్టు ఫినైల్‌అలనీన్ టి-ఆర్‌ఎన్‌ఏలో సీసపు అయాను ఒక నిర్దిష్టమైన గూట్లో కూర్చుని, 17వ, 18వ అక్షరాల నడుమ పోగును కోస్తుంది; 1983లో కేంబ్రిడ్జిలో క్లూగ్ బృందం స్ఫటికంలో దాన్ని చూపించింది. సీసం విషం కనుక సరే అనుకోకండి. మన మెగ్నీషియమే, ఆకారాన్ని నిలబెట్టే ఆ మెగ్నీషియమే, 94 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలుంచితే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. అక్షరక్రమం చదివే ప్రయోగశాలల్లో పొడవైన పోగులను ముక్కలు చేయడానికి ఈ పద్ధతినే కావాలని వాడతారు. జతపడి బిగిసిన భాగాలు మెల్లగా, జతలేక వదులుగా ఆడే భాగాలు త్వరగా తెగుతాయి.

నేను ఆ వ్యాసంలో "మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏ స్థిరత్వాన్ని పెంచుతుంది" అని రాశాను. మరొక పుటలో "మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏ స్థిరత్వాన్ని తగ్గిస్తుంది" అని కూడా రాశాను. రెండూ నిజమే. రెండింటికీ ఒకటే మాట వాడడం నా తప్పు. ఆకారం చెదరకుండా ఉండడం ఒకటి, పోగు తెగకుండా ఉండడం ఒకటి. చక్కటి తెలుగు మాటలు ఉండనే ఉన్నాయి. మొదటిది నిలకడ, రెండవది మన్నిక. గట్టిగా కట్టిన పందిరికి నిలకడ ఉండవచ్చు, దాని గుంజలకు చెదపడితే మన్నిక ఉండదు. మెగ్నీషియం నిలకడను పెంచుతుంది. వేడీ క్షారగుణమూ తోడైతే మన్నికను తగ్గిస్తుంది. ఇకమీద నేను ఈ రెండు మాటలనే వాడతాను. మీకు ఇంతకంటే మంచివి తోస్తే చెప్పండి, స్వీకరిస్తాను.

ఇది మాటల సరదా కాదు. కోవిడ్ రోజుల్లో, 2020 చివర, ఆర్‌ఎన్‌ఏ టీకాలు వచ్చినప్పుడు వాటిలో ఒకదాన్ని సున్నకు 70 డిగ్రీల దిగువన దాచాలన్నారు. ఎందుకని నన్ను వీధిలో నలుగురు అడిగారు. కొవ్వుబుడగ సంగతి అటుంచి, ఆర్‌ఎన్‌ఏ మన్నిక తక్కువ కావడం దానికొక ముఖ్యకారణం. ఆ టీకాలకు కావలసిన ఆర్‌ఎన్‌ఏను తయారుచేసేటప్పుడు మెగ్నీషియం లేనిదే టి7 అనే ఎంజైము ఒక్క అక్షరం కూడా కలపదు. తయారైన తరువాత అదే మెగ్నీషియాన్ని తొలగించాలి. ఆ టీకా మొదటి రూపంలో ప్రకటించిన లవణాలు పొటాషియం, సోడియం క్లోరైడులూ ఫాస్ఫేట్లూను. మెగ్నీషియం ఆ పట్టికలో లేదు. పుట్టించేటప్పుడు తల్లి, దాచేటప్పుడు దొంగ. ఉప్పు మాట కొట్టివేసిన తెలుగులో ఈ సంగతి ఎలా చెబుతారు?

జీవం పుట్టుకను గురించి ఆలోచించేవారికి కూడా ఈ చిక్కే ఎదురైంది. ఆదిలో ఆర్‌ఎన్‌ఏ తనను తాను నకలు చేసుకోవాలంటే మెగ్నీషియం దండిగా కావాలి. అంత మెగ్నీషియం ఉంటే కొవ్వుఆమ్లాల సంచులు విరిగిపోతాయి, ఆర్‌ఎన్‌ఏ కూడా తెగుతుంది. 2013లో అదమాల, షోస్టాక్ ఒక మార్గం చూపారు. సిట్రేటును కలిపితే అది మెగ్నీషియాన్ని సగం పట్టి సగం వదిలినట్లు ఉంచుతుంది. నకలు పని సాగుతుంది, సంచి విరగదు, పోగు మన్నిక కూడా పెరుగుతుంది. సిట్రేటు అంటే కంగారుపడకండి. వంటింట్లో నిమ్మఉప్పు ఉందే, దాని లవణరూపం. నిమ్మఉప్పు తెలియని తెలుగు పాఠకుడు ఎవరండీ? "సామాన్య పాఠకుడికి అర్థం కాదు" అన్న మాట నేను ఒప్పుకోలేనిది ఇందుకే. ఊరగాయ జాడీలో ఉప్పు తగ్గితే బూజు పడుతుందని, ఎక్కువైతే నోట పెట్టలేమని తెలిసిన జాతి మనది. పాలు తెలిసి వేయడం అనే విద్య మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అంతెందుకు, ఆ ఉప్పు పాలు తెలుసుకోవడం ఆర్‌ఎన్‌ఏకే తెలుసు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలో మెగ్నీషియాన్ని లోపలికి తెచ్చే ద్వారానికి సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ ముందుభాగం ఒకటి ఉంది. మెగ్నీషియం చాలినంత ఉంటే ఆ భాగం గట్టిగా ముడుచుకుని, మిగిలిన సందేశం రాయడం అక్కడితో ఆపివేయిస్తుంది. చాలకపోతే వదులై రాతను సాగనిస్తుంది. 2007లో దీని నిర్మాణంతో సహా ప్రకటించారు. అక్షరాలు అవే. ఉప్పును బట్టి ఒకే వాక్యం ఒకసారి "చాలు" అంటుంది, ఒకసారి "కావాలి" అంటుంది. మెదడు లేని బాక్టీరియా పట్టించుకునే నిమిత్తాన్ని మన పత్రికలు బరువని కొట్టివేస్తున్నాయి!

ఇక మన బ్లాగ్లోకం సంగతి. సంపాదకులను తిట్టి, మనలను మనం మెచ్చుకుని లేవడం నాకు ఇష్టం లేదు. అయానుకు తెలుగు మాట ఏమిటని మనం ఎన్ని వ్యాఖ్యల యుద్ధాలు చేశాం! ఒకరు సంస్కృతం నుంచి తెమ్మంటే, ఒకరు అచ్చతెలుగు కావాలని, మరొకరు ఇంగ్లీషునే ఉంచమని వాదించుకుని అలిగాం. ఆ యుద్ధాలలో నేనూ పాల్గొన్నాను, బాగానే అరిచాను. అప్పుడు ఎవరి వాక్యంలో నిమిత్తం ఉంది, ఎవరి వాక్యంలో లేదు అని మాత్రం అడగలేదు. పేరు ఏదైనా నడుస్తుంది. రెండేళ్ళు వాడితే అలవాటవుతుంది. నిబంధన లేని వాక్యం మాత్రం వందేళ్ళు వాడినా నిజం కాదు.

నా తప్పు మరొకటి ఉంది. తరగతిలో, పరీక్షలు దగ్గర పడినప్పుడు, ఎన్నోసార్లు సంధి పేరు, ఉదాహరణ మాత్రమే రాయించి, నిమిత్తం వదిలివేయమని నేనే చెప్పాను. "రెండు మార్కులకు అంత అక్కరలేదురా" అన్నాను. నా వ్యాసాన్ని నల్లబల్ల మీద రాయించిన శిష్యుడు ఆ తరగతుల్లో కూర్చున్నవాడే. బహుశా ఆ విత్తనం నాదే. ఆ సంపాదకులు కూడా అటువంటి బడిలోనే చదివి ఉంటారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. ఫిస్కెతో కలిసి 1925లో ఆయన ప్రకటించినది ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి. 1929లో వారిద్దరూ కండరాల్లో ఏటీపీని గుర్తించినట్లు ప్రకటించారు. ఆ ఏటీపీయే ఆర్‌ఎన్‌ఏలో ఎ అనే అక్షరానికి ముడిసరుకు; కణంలో అది చాలావరకు మెగ్నీషియంతో జతగూడే ఉంటుంది. ఆయన కీర్తికి పునాది కొలత. ఎంత అన్న ప్రశ్న. ఆయన పటానికి దండవేసి, ఆయన కొలిచిన ఫాస్ఫేటు పక్కన నిలబడే లోహాన్ని వ్యాసంలోంచి గెంటివేయడం ఏం మర్యాద?

కనుక విజ్ఞానం తెలుగులో రాసే మిత్రులకు నా విన్నపం. పరిభాష మీ ఇష్టం. ఉపమానాలు మీ ఇష్టం. కాని ఆర్‌ఎన్‌ఏ ముడుచుకుంటుంది అని రాసిన ప్రతిచోటా ఏ ఉప్పులో, ఎంతలో, ఎంత వేడిలో అన్నది ఒక్క పదబంధంతోనైనా చెప్పండి. నిలకడ గురించా, మన్నిక గురించా అన్నది తేల్చండి. ఎవరైనా బరువని కొట్టివేస్తే వ్యాసం వెనక్కు తీసుకోండి. నేను ఆ పని చేయలేదు. చేసి ఉంటే ఆ పిల్లల పుస్తకాల్లో తప్పు ఉండేది కాదు.

నిన్న ఆ శిష్యుడికి ఫోను చేశాను. "మాస్టారూ, మూడు మాటలే కదా, రేపే దిద్దిస్తాను" అన్నాడు. నల్లబల్ల మీద మళ్ళీ ఆ వాక్యం రాసి, ముందు మూడు మాటలు చేర్పించి, పిల్లలచేత రాయిస్తానన్నాడు. తరువాత కాస్త ఆగి, "తగినంత అంటే ఎంతండీ అని ఎవరైనా అడిగితే?" అన్నాడు.

అడిగితే బాగుండును. ఆ పిల్లవాణ్ణి నా దగ్గరకు పంపమన్నాను.

స్వస్తి.